లక్షన్నర పెట్టి ‘క్లాసిక్’ బట్టలన్నీ ఒకేసారి కొనేయాలా?

ప్రశ్న: నా వయసు 29. మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం, కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు. చేతికి నెలకు రూ.78,000 వస్తుంది. అద్దె 19,000, ఊళ్లో అమ్మానాన్నలకు 12,000, తిండి, ప్రయాణం, కరెంటు వగైరా 16,000, సిప్ 10,000. ఆన్‌లైన్ సేల్స్‌లో బట్టలకే నెలకు 8,500 దాకా పోతోంది. బీరువా తలుపు పట్టడం లేదు, అయినా పొద్దున్నే ఏం వేసుకోవాలో తోచదు. ట్యాగ్ కూడా తీయనివి 11 ఉన్నాయి. ఈమధ్య కొన్ని వీడియోలు చూశాక, ఎప్పటికీ ఫ్యాషన్ పోని మంచి బట్టలు రూ.1.5 లక్షలతో ఒకేసారి కొనేసి, ఇక కొనడం మానేద్దామనుకుంటున్నాను. క్రెడిట్ కార్డు మీద 15 శాతం వడ్డీకి 18 నెలల ఈఎంఐ వస్తుంది. ఇది పెట్టుబడి లాంటిదే కదా? అమ్మేమో ఆ డబ్బుతో రెండు పట్టుచీరలు కొనుక్కుంటే జన్మంతా ఉంటాయంటోంది. మాఘంలో చెల్లి పెళ్లి ఉంది. సేవింగ్స్‌లో రూ.60,000 ఉన్నాయి. ట్యాగ్ తీయని బట్టలు అమ్మితే ఏమైనా వస్తుందా?

జవాబు: తక్కువ కొనాలి, మంచివి కొనాలి అన్న మీ ఆలోచన బాగుంది. ‘ఒకేసారి’, ‘ఈఎంఐ’, ‘పెట్టుబడి’ అన్న మూడు మాటలతోనే నాకు పేచీ.

ముందు ఈఎంఐ సంగతి. రూ.1.5 లక్షలకు 15 శాతం చొప్పున 18 నెలలంటే నెలకు సుమారు రూ.9,360 కట్టాలి. మొత్తం వడ్డీ దాదాపు 18,400 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 3,300. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంటే కనీసం రూ.21,700 బట్టలుగా మారకుండానే పోతుంది. షాపువాళ్లు ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా ఆశపడకండి. అందులో వడ్డీని డిస్కౌంటు రూపంలో సర్దుతారు గానీ, దాని మీద జీఎస్టీ చాలాసార్లు మీ బిల్లులోనే పడుతుంది. ఏదో ఒక నెల కట్టలేక కార్డు బాకీ అలాగే ఉండిపోయిందా, నెలకు 3.5 శాతం దాకా వడ్డీ వేసే కార్డులున్నాయి. ఏడాదికి అది 42 శాతం.

ఇక పెట్టుబడి. రేపు అమ్మితే మంచి ధర రావాలి, లేదా మధ్యలో ఏదైనా ఆదాయం ఇవ్వాలి. అప్పుడే దాన్ని పెట్టుబడి అంటాం. చొక్కా ఈ రెండూ చేయదు. ఎంత మంచి బట్టయినా ఖర్చే. కాకపోతే కొన్ని ఖర్చులు చవక, కొన్ని ఖరీదు. ఆ తేడా ధర చీటీ మీద కనపడదు, ఎన్నిసార్లు వేసుకున్నారన్న లెక్కలో కనపడుతుంది.

రూ.799 కుర్తా ఆరుసార్లు వేసుకున్నాక రంగు వెలిసి మూలపడిందనుకోండి, ఒక్కో రోజుకు 133 పడింది. రూ.2,400 పెట్టి మంగళగిరి కాటన్ కొని కుట్టించుకున్న కుర్తా మూడేళ్లలో 80 సార్లు వేసుకుంటే ఒక్కో రోజుకు 30. మీ 11 ట్యాగు బట్టల ఖర్చును సున్నాతో భాగించాలి, దానికి జవాబే లేదు. ఈ లెక్కలో ఇస్త్రీ, డ్రైక్లీనింగ్ కూడా కలపాలి. నాలుగైదుసార్లు వేసుకోగానే డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాల్సిన బ్లేజరు, కొన్నాక కూడా డబ్బు తింటూనే ఉంటుంది. లేబుల్ మీద ‘డ్రైక్లీన్ ఓన్లీ’ అని ఉంటే దాన్ని రెండో ధర చీటీ అనుకుని చదవండి.

అసలు క్లాసిక్ అంటే ఏమిటి? మీరు చూసిన వీడియోల్లో జాబితా ఏముంటుందో ఊహించగలను: ట్రెంచ్ కోటు, కాష్మీర్ స్వెటరు, నల్ల డ్రెస్సు, తెల్ల చొక్కా, నీలం జీన్స్, బ్లేజరు. ట్రెంచ్ కోటు మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఆఫీసర్లు వానకూ చలికీ వేసుకున్నది. లండన్‌లో వందేళ్లుగా అది నిలిచిందంటే అక్కడి వాన అలాంటిది. జేఎన్టీయూ దగ్గర మెట్రో దిగి ఆగస్టు ఉక్కలో దాన్ని ఎన్నిసార్లు వేసుకుంటారు? కాష్మీర్ చలి కొండల మీద మేకల లోపలి ఊలు. మనకు డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున తప్ప దానితో పనిలేదు. రెండూ కొట్టేయండి, మీ లక్షన్నరలో పెద్ద ముక్కే మిగులుతుంది.

తెల్ల చొక్కా కూడా అందరూ చెప్పేంత గొప్పేం కాదు, కనీసం ఈ ఊళ్లో. బోరు, ట్యాంకరు నీళ్లు వాడే అపార్టుమెంట్లలో తెలుపు త్వరగా మసకబారుతుంది. దానికి పచ్చడీ, బిర్యానీ తోడు. లేత నీలం గానీ, గోధుమ రంగు కలిసిన తెలుపు గానీ తీసుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. జీన్స్‌తో నాకు గొడవ లేదు. రాగి రివెట్లు కొట్టిన పని ప్యాంటుకు అమెరికాలో 1873లో పేటెంటు ఇచ్చారు, ఇప్పటికీ ఆ ముదురు నీలమే నడుస్తోంది. మామూలు కోతతో ఉన్నది ఒకటి కొనండి. చిరుగులు, పూసలు ఉన్నవి వద్దు.

ఫ్యాషన్ పోని బట్ట కావాలంటే మన దగ్గరే ఉంది, పైగా ఎండను తట్టుకుంటుంది. పోచంపల్లి ఇక్కత్ చూడండి. హైదరాబాద్ నుంచి బండి మీద గంటన్నర ప్రయాణం. నేయకముందే నూలును కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి డిజైను బట్టకు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. తిరగేసి చూసినప్పుడు వెనక వైపు వెలవెలబోతే అది ఇక్కత్ బొమ్మ అచ్చు వేసిన బట్ట. అది ఉతుకులకు ఎంత కాలం నిలుస్తుందో చెప్పలేం. ఆ డైమండ్ గళ్లు మన అమ్మల కాలంలో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. నిజాం అంచు మంగళగిరి, చిన్న గళ్ల నారాయణపేట, ఒంటి నిండా కాటన్ ఉండి అంచు మాత్రం పట్టు ఉండే గద్వాల, వేసవిలో బరువే తెలియని వెంకటగిరి, ఇవన్నీ ఆ కోవలోనివే. ఆఫీసుకూ పనికొస్తాయి, పేరంటానికీ పనికొస్తాయి. ఒకే బట్ట రెండు చోట్లకూ పనికొస్తే లెక్కలో ‘ఎన్నిసార్లు’ అన్నది దానంతటదే పెరుగుతుంది.

ఇక్కడ పన్ను సంగతి ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తుల్లో ఒక్కోటి రూ.2,500 లోపు ఉంటే 5 శాతం జీఎస్టీ, దాటితే 18 శాతం. తాను బట్ట మీద మాత్రం ధర ఎంతున్నా 5 శాతమే. అంటే కొంచెం ఖరీదైన కుర్తా కావాలనుకున్నప్పుడు రెడీమేడ్ కంటే బట్ట కొని కుట్టించుకోవడంలో డబ్బు మిగిలే అవకాశం ఉంది. అంతకంటే పెద్ద లాభం కొలత. మీకు బాగా కుదిరిన ఒక్క కుర్తాను ఆది కింద టైలరుకు ఇచ్చి, అదే కోతలో వేరే వేరే బట్టలు కుట్టించుకోండి. పక్కల లోపల కనీసం అంగుళం బట్ట వదలమని మరీ మరీ చెప్పండి. రెడీమేడ్‌లో ఆ వదులు దాదాపు ఉండదు, రెండు కిలోలు పెరిగితే కుర్తా పని అయిపోయినట్టే. మనం మారతాం, దుస్తులు మారవు. లక్షన్నర ఒకేసారి పెట్టొద్దనడానికి నా అసలు కారణం ఇదే. 29 ఏళ్ల వయసులో ఉన్న ఒంటికి, ఇప్పటి ఉద్యోగానికి, ఈ నెల అభిరుచికి పదేళ్ల బట్టలు కొనేస్తున్నారు. రేపు ఇంటి నుంచి పని చేయమంటే? బెంగళూరు బదిలీ అయితే?

మీకేది క్లాసికో వీడియోలకు తెలియదు, మీ బీరువాకు తెలుసు. ఈరోజు నుంచి ఉతికి ఇస్త్రీ చేసిన ప్రతి బట్టనూ అరలో కుడి పక్కనే పెట్టండి. మూడు నెలలు ఏమీ కొనకండి. నవంబరు నాటికి ఎడమ పక్క కదలకుండా మిగిలినవి మీకు నచ్చాయనుకుని కొన్నవి, కుడి పక్కన తిరుగుతున్నవి నిజంగా నచ్చినవి. ఆ కుడి పక్క గుట్టలోని రంగు, మెడ, పొడవు రాసుకోండి. కొత్తది కొంటే ఆ జాబితాకు దగ్గరగా ఉండాలి, ఉన్నవాటిలో కనీసం మూడింటితో జతపడాలి.

మంచి బట్ట కొనేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది, వాళ్లు ఆగగలరు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, శ్రావణం సరుకు రాకముందే పాతది ఖాళీ చేయాలి కాబట్టి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, సికింద్రాబాద్ జనరల్ బజార్ అంతా డిస్కౌంటు బోర్డులే. ఈ సంవత్సరపు ఫ్యాషన్ కోసం పరిగెత్తేవాళ్లకు పాత స్టాకు పనికిరాదు. నారాయణపేట కాటన్‌కు పాత స్టాకేమిటి, కొత్త స్టాకేమిటి? ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం చుట్టుపక్కల చేనేత ప్రదర్శనలు పెడుతుంటారు, అవి కూడా చూడండి.

ఇక అమ్మగారి మాట. సగం నిజం. మంచి పట్టుచీర ముప్పై ఏళ్లు ఉంటుంది, సందేహం లేదు. కానీ రూ.30,000 చీర ఏడాదికి రెండుసార్లు చొప్పున ఇరవై ఏళ్లు కట్టినా ఒక్కోసారికి 750 పడుతుంది, జాకెట్టు, పాలిష్ కాకుండా. అవసరానికి అమ్ముకోవచ్చు కదా అంటారేమో. పాత పట్టుచీరలు కొనేవాళ్లు చూసేది జరీలో ఉన్న వెండిని. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి రేకు చుట్టి బంగారు పూత పూసినది. టెస్టెడ్ జరీలో ఉండేది రాగి, ఇంకా చవకదాంట్లో ప్లాస్టిక్. సిల్క్ మార్క్ లేబుల్ పట్టు అసలుదని చెబుతుంది, జరీ గురించి ఏమీ చెప్పదు. కాబట్టి జరీ ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి నసిగితే ఆ షాపు నుంచి లేవండి, కూల్‌డ్రింకు ఇచ్చారన్న మొహమాటం వద్దు.

చెల్లి పెళ్లికి రెండు చీరలు కాదు, ఒకటి కొనండి. రెండోది అమ్మ పెట్టెలో ఉండే ఉంటుంది. మడతల దగ్గర చీలకపోతే పాలిష్ పెట్టించి, కొత్త ఫాల్ వేయించి, ఇప్పటి కొలతకు కొత్త జాకెట్టు కుట్టించుకుంటే సరిపోతుంది. చిన్న చిరుగులైతే రఫూ చేసేవాళ్లు పాతబస్తీలో ఉన్నారు. తర్వాత పలచని నూలు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.

డబ్బు ఏర్పాటు ఇలా చేయండి. బట్టలకు నెలకు రూ.4,000 వేరే ఖాతాలోకి, జీతం పడ్డ రోజే. దానికి యూపీఐ కలపొద్దు. మూడు నెలలు ఆగాక 12,000 ఉంటుంది, మాఘం నాటికి 24,000. పెళ్లి చీరకు పరిమితి అదే, అప్పు చేసి దాటొద్దు. మిగిలిన 4,500 అత్యవసర నిధికి వెళ్లాలి. మీరు రాసిన లెక్కలన్నీ కూడితే 65,500 వచ్చింది, జీతం 78,000. మధ్యలో 12,500 ఎక్కడికి పోతోందో ఉత్తరంలో లేదు, బహుశా మీకూ తెలియదు. అందులో 8,000 పట్టుకోగలిగితే నెలకు మొత్తం 12,500 నిధిలో పడుతుంది. అద్దె, ఇంటికి పంపేది, తిండి కలిపి మీకు నెలకు 47,000 తప్పదు. ఉద్యోగం పోయినా ఆరు నెలలు గడవాలంటే నిధిలో రూ.2.82 లక్షలు కావాలి, చేతిలో 60,000 ఉన్నాయి. నెలకు 12,500 చొప్పున 18 నెలల్లో ఆ లోటు పూడుతుంది. మీరు ఈఎంఐ కట్టాలనుకున్నదీ అదే 18 నెలలు. ఆ లోపు బట్టల ఖాతాలోకి కూడా రూ.72,000 వెళ్లి ఉంటుంది, వడ్డీ లేకుండా. సిప్‌ను మాత్రం కదపకండి. ఐటీలో ఉద్యోగాలు ఎలా ఉన్నాయో నేను మీకు చెప్పనక్కర్లేదు.



ట్యాగు తీయని ఆ 11 సంగతికొస్తే, అమ్మితే పెద్దగా రాదు. ఆన్‌లైన్‌లో ఫొటోలు పెట్టి, బేరాలాడి, కొరియరు కట్టేసరికి మీ ఆదివారం పోతుంది. ముందు ఈ రాత్రే ఆర్డర్లు తెరిచి రిటర్న్ గడువు దాటనివేవో చూడండి. ఒకటి రెండు ఉన్నా వెనక్కి పంపి, వచ్చిన డబ్బును వాళ్ల వాలెట్‌లో కాకుండా బ్యాంకు ఖాతాకే వేయమని ఎంచుకోండి. గడువు దాటినవాటిలో సైజు సరిపోయేవి అరలో ఎడమ పక్కన, కళ్లకు ఎదురుగా పెట్టండి. నవంబరు దాకా వాటికీ అవకాశం ఇద్దాం. సరిపోనివి చెల్లికి వస్తాయేమో అడగండి.