అమ్మని ఎక్కడ చేర్చాలి? రాజమండ్రిలోనా, హైదరాబాద్‌లోనా?

ప్రశ్న: మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర ఊరు. నేను అమలాపురంలో టీచర్ని, వయసు 51. అమ్మకి 76. నాన్నగారు పోయాక ఊళ్ళో ఒక్కతే ఉండేది. సంక్రాంతి వెళ్ళాక పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట సరిగా రాదు. మూడు నెలలుగా మా ఇంట్లోనే ఉంది. పెట్టుకున్న ఆయాలు ఇద్దరూ మానేశారు. మావారికి గుండె ఆపరేషన్ అయింది, ఆయనా బరువులెత్తకూడదు. చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. 'డబ్బు నేను పంపిస్తాను, రేటింగులు చూసి మంచిది ఎంచు' అంటోంది. తమ్ముడు తనుండే హైదరాబాద్‌లో ఓ పెద్ద సెంటర్ చూశాడు. అమ్మ పేరున ఉన్న కొబ్బరితోట తనకి రాయిస్తే ఖర్చంతా తనే చూసుకుంటానంటున్నాడు. నేను రాజమండ్రిలో రెండు చూశాను. ఒకటి కొత్త బిల్డింగు, లిఫ్టు, ఏసీ, ఫిజియోథెరపీ గది. రెండోది పాత డాబా ఇల్లు, పన్నెండు మంది ముసలివాళ్ళున్నారు. దేన్ని బట్టి మంచిదని తేల్చుకోవాలి? బంధువులేమో 'కన్నతల్లిని ఆశ్రమంలో పడేస్తున్నారు' అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో తమ్ముడి మాట ఉంది, చెల్లెలి మాట ఉంది, బంధువుల మాట కూడా ఉంది. మీ అమ్మగారు ఏమంటున్నారో మాత్రం లేదు. మాట రాదు కదా అంటారేమో. కుడివైపు పడిపోయిందంటే దెబ్బ తగిలింది మెదడు ఎడమ భాగానికి. చాలామందికి మాటని నడిపేది ఆ భాగమే. అందుకే నోట మాట రాదు కానీ, ఇలాంటివాళ్ళలో చాలామందికి ఎదుటివాళ్ళు చెప్పేది ఎంతో కొంత అర్థమవుతూనే ఉంటుంది. ఆవిడకి ఎంత అర్థమవుతోందో చికిత్స చేసిన డాక్టర్ని అడగండి. తర్వాత మీరే పక్కన కూర్చుని, తల ఊపితే సరిపోయే ప్రశ్నలు వెయ్యండి. 'నేను వారం వారం వచ్చే చోటు కావాలా?', 'తమ్ముడి దగ్గరికి వెళ్తావా?' అని ఒక్కొక్కటే, నెమ్మదిగా. ఫోన్‌లో ఆ గదుల ఫొటోలు చూపించండి. కంటనీరు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. పక్షవాతం తర్వాత ఏడుపు ఊరికే వచ్చేస్తుంటుంది కూడా, ప్రతి ఏడుపూ 'వద్దు' అని కాదు. అలసిపోతే ఆపేసి మర్నాడు మళ్ళీ అడగండి.

బంధువుల సంగతి ఎక్కువ రాయను. రాత్రి రెండు గంటలకి లేచి డైపర్ మార్చడానికి వచ్చేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ అభిప్రాయం వినండి.

ఇక మీ చెల్లెలడిగే రేటింగులు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వాళ్ళు 2008 నుంచి ప్రతి నర్సింగ్ హోముకీ ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలిస్తున్నారు. ప్రభుత్వ తనిఖీల్లో ఏం దొరికింది, ఒక్కో రోగికి ఎంత సిబ్బంది ఉన్నారు, అక్కడున్నవాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంటోంది అన్న మూడూ కలిపి లెక్క కడతారు. మన దగ్గర అలాంటి జాబితా లేదు. గూగుల్‌లో కనబడే నక్షత్రాలు ఎవరు పెట్టారో తెలియదు, వాటిని పక్కన పెట్టండి. కానీ ఆ మూడు సంగతులూ మీరు కళ్ళతో చూసి తెలుసుకోగలిగినవే.

తనిఖీల సంగతి తొందరగా తేలిపోతుంది. వైద్యం కూడా చేస్తామని చెప్పే చోటైతే 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనండి, గడువు తేదీ చూడండి. వట్టి వృద్ధాశ్రమమైతే అది ఉండకపోవచ్చు. అప్పుడు ట్రస్టు లేదా సొసైటీ కాగితం అడిగి, ఏ డాక్టరు ఏ రోజుల్లో వస్తారో పేరుతో సహా చెప్పించుకోండి. 'ఫోన్ చేస్తే వస్తారండీ' అనేది జవాబు కాదు.

అసలు చూడాల్సింది మనుషుల్ని. మీరు వెళ్ళిన రెండుసార్లూ ముందే ఫోన్ చేసి వెళ్ళుంటారు. ఈసారి చెప్పకుండా వెళ్ళండి. ఒకసారి మధ్యాహ్నం భోజనాల వేళకి, ఒకసారి రాత్రి ఎనిమిది దాటాక, వీలైతే ఆదివారం. మేనేజరు గదిలో కాఫీ తాగుతూ కూర్చోవద్దు, మంచాల దగ్గరికి వెళ్ళండి. మంచం దిగలేనివాళ్ళు ఎంతమంది, రాత్రిపూట వాళ్ళని చూసే ఆయాలు ఎంతమంది అని అడగండి. పగలు చేసిన ఆయానే రాత్రీ పడుకుని చూస్తుందంటే, ఆవిడ నిద్రపోతుంది. తప్పు ఆవిడది కాదు. అందరికంటే పాత ఆయా ఎన్నేళ్ళుగా ఉందో కనుక్కోండి. నెలకో మనిషి మారిపోయే చోట ఎవరికి మింగుడు పడదో, ఎవరు ఏ పక్కకి ఒత్తిగిలితే హాయిగా ఉంటారో తెలిసినవాళ్ళుండరు. ఆయాని పక్కకి పిలిచి 'ఆ మంచం మీద మామ్మగారి పేరేంటి?' అని మామూలుగా అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు నాకైతే లిఫ్టుకంటే ఎక్కువ చెబుతుంది.

మూడోది, అక్కడున్నవాళ్ళ ఒళ్ళు. కదలలేనివాళ్ళని సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఇప్పుడు ఎంతమందికి పుండ్లున్నాయి, ఇక్కడికొచ్చాక పడ్డవెన్ని అని సూటిగా అడగండి. పక్క మార్చిన వేళలు రాసే చార్టు చూపించమనండి. రేపటి గడులు కూడా ఇవాళే నింపేసి ఉంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి! భోజనం పెట్టేది తప్పకుండా చూడాలి. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మింగడం కష్టం. పడుకోబెట్టి నోట్లో జావ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు. కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలుగా పెట్టి, తిన్నాక అరగంటైనా అలాగే కూర్చోబెడుతున్నారా? లేక తినిపించే ఓపిక లేక ముక్కులో గొట్టం పెట్టేస్తున్నారా? గొట్టం అవసరమో కాదో చెప్పాల్సింది డాక్టరు. పొద్దున్న పదకొండింటికి గదిలో అందరూ మత్తుగా పడుకునుంటే నిద్రమాత్రలు ఎవరు రాశారో అడగండి. చేతులు మంచానికి కట్టేసి కనబడితే ఇక అడగాల్సింది ఏమీ లేదు. వాసన సంగతి మీకే తెలుస్తుంది. మూత్రం వాసన ఒక రకం, మీరు వస్తున్నారని తెలిసి అప్పుడే కొట్టిన ఫినాయిలు వాసన ఇంకో రకం.

మీ అమ్మగారి విషయంలో ఒకటి ప్రత్యేకం. పక్షవాతం తర్వాత తిరిగి కోలుకోవడం మొదటి మూడు నెలల్లో ఎక్కువ, ఆరు నెలల దాకా బాగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. మూడు నెలలు ఇప్పటికే అయిపోయాయి. అందుకని కొత్త బిల్డింగులో ఉన్న ఫిజియోథెరపీ గదిని చూసి సంతోషపడకుండా, వారానికి ఎన్ని రోజులు మనిషి వస్తాడు, ఒక్కొక్కరితో ఎంతసేపు ఉంటాడు అన్నది కాగితం మీద రాయించుకోండి. సామాను మీద దుమ్ముందేమో వేలితో రాసి చూడండి. పాత డాబా ఇంట్లో ఆ గది లేకపోయినా బయటినుంచి ఫిజియోథెరపిస్టు రావడానికి ఒప్పుకుంటే నాకు అది చాలు. అయితే ఆ ఇంట్లో బాత్రూము తలుపులోంచి వీల్‌చైర్ పడుతుందా, గోడకి పట్టుకునే కమ్మీలున్నాయా, కరెంటు పోతే జనరేటరో ఇన్వర్టరో ఉందా చూడండి. పాత డాబాల్లో గుమ్మాలు ఎత్తుగా ఉంటాయి, మరిచిపోవద్దు.

హైదరాబాద్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎంత పెద్ద సెంటరైనా, చెప్పకుండా వచ్చిపడే బంధువున్న పేషంటుని ఒకలాగా, ఎవరూ రాని పేషంటుని ఇంకోలాగా చూస్తారు. ఇది మంచివాళ్ళు నడిపేచోట కూడా ఎంతోకొంత ఉంటుంది. తమ్ముడు వారానికి రెండుసార్లు వెళ్తానని మాటిస్తే, వెళ్ళే మనిషే అయితే, ఆలోచించవచ్చు. ఆయన ఉద్యోగం, ఆ ట్రాఫిక్కు చూసుకుని నిజాయితీగా జవాబివ్వమనండి. మీరైతే అమలాపురంలో బస్సెక్కి, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటితే సుమారు రెండు గంటల్లో రాజమండ్రిలో ఉంటారు. స్కూలు సెలవు రోజున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఇంకోటి, మీ అమ్మగారు సగం సగం పలికే మాటలు కోనసీమ మాటలు. 'దాహం' అనలేక 'దా' అని ఆగిపోతే, తెలుగే రాని ఆయాకి అదేమర్థమవుతుంది? పెద్ద నగరాల్లో ఆయాలు వేరే రాష్ట్రాలనుంచి వస్తుంటారు. వాళ్ళ పనితనాన్ని తక్కువ చెయ్యను, కానీ మాట పోయిన మనిషికి పక్కన తన మాట తెలిసినవాళ్ళుండాలి.

కాబట్టి రాజమండ్రి. రెండింట్లో ఏది అంటే, రాత్రి ఆయాల లెక్క సరిగా ఉండి, ఫిజియోకి ఒప్పుకుంటే నేను పాత డాబా ఇంటివైపే మొగ్గుతాను, పన్నెండు మందిలో ఆవిడ కనిపించకుండా పోరు కనుక. రాత్రి లెక్క తేలకపోతే కొత్త బిల్డింగులో అవే ప్రశ్నలు అడగండి. ఎక్కడైనా మొదట ఒక నెలకి మాత్రమే మాట్లాడుకోండి. పెద్ద డిపాజిట్ అడిగితే మధ్యలో తీసుకెళ్తే ఎంత తిరిగిస్తారో రాసివ్వమనండి. డైపర్లు, మందులు, ఫిజియో, అంబులెన్సు నెల డబ్బులో కలిసున్నాయా, విడిగానా? అర్ధరాత్రి ఆయాసమొస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, వెంట ఎవరు వెళ్తారు, మీకు ఫోన్ ముందా తర్వాతా? హెల్త్ ఇన్సూరెన్సు ఉంటే అది ఆసుపత్రి ఖర్చుకే పనికొస్తుంది, ఇలాంటి చోట నెలనెలా కట్టేదానికి మామూలుగా రాదు. ఆ లెక్క చెల్లెలికి ముందే చెప్పండి. ఆవిడ డబ్బు పంపడంతో ఆగకుండా, వారానికోసారి వీడియోకాల్‌లో ఫిజియోథెరపిస్టుతో మాట్లాడే పని ఆవిడకే అప్పగించండి. దూరాన్నుంచి చేయగలిగిన పని అది.

ఆఖరికి తోట. తమ్ముడి మీద అనుమానం పెట్టుకోమని చెప్పను. కానీ మాట్లాడలేని మనిషి చేత ఇప్పుడు రిజిస్ట్రేషన్ చేయిస్తే, రేపు అది ఆవిడ ఇష్టంతోనే జరిగిందా అన్న తగాదా మీ ముగ్గురి మధ్యే వస్తుంది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారనే షరతు మీద ఆస్తి రాసిచ్చాక వాళ్ళు చూసుకోకపోతే ఆ దస్తావేజుని ట్రిబ్యునల్ రద్దు చెయ్యొచ్చు. కానీ ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా లేకపోతే నిరూపించడం కష్టమవుతుంది. అందుకని ఇప్పుడు తోట జోలికి వెళ్ళకండి. కొబ్బరికాయలు దింపి అమ్మిన డబ్బులు నేరుగా అమ్మగారి ఖాతాలో పడేలా చూసి, ఆవిడ ఖర్చుకి ముందు అవే వాడండి, తక్కువైతే ముగ్గురూ వేసుకోండి. తమ్ముడితో ఈ మాట ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. మాట పెరిగేలా ఉంటే 14567కి ఫోన్ చేయండి, అది వృద్ధుల కోసం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్, చట్టం సంగతులు తెలుగులోనే చెబుతారు.