రోజుకో హెడ్‌లైన్ చూసి కోర్సు మార్చేస్తారా?

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది. బాగానే చదివేవాడు. ఈ ఆర్నెల్లుగా పొద్దస్తమానం టెక్ న్యూస్, దాని మీద జనాల వాదనలు, రియాక్షన్ వీడియోలే లోకం. ఒకరోజు కోడింగ్ పనైపోయింది అంటాడు, ఇంకోరోజు ఏఐ అంతా బుడగ, పగిలిపోతుంది అంటాడు. ఇప్పుడు డిగ్రీ ఆపేసి ఆరు నెలల ఏఐ కోర్సులో చేరతానని పట్టుబడుతున్నాడు. నాక్కూడా లేఆఫ్ వార్తలు చూస్తే భయమేస్తోంది, జాగ్రత్తపడతాడని కనిపించినవన్నీ వాడికి పంపుతున్నాను. ఉన్న కోర్సే కొనసాగించడం, ఏఐ కోర్సుకి మారడం, టెక్ వదిలేసి వేరే లైన్‌కి వెళ్లడం, ఈ మూడూ పోల్చి చెప్పండి. ఏది సేఫ్?

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. ఇలాంటివి నాకు చాలా వస్తాయి, కోర్సు పేరు మారుతుంది, భయపెట్టిన వార్త మారుతుంది, అడుగున ఉన్న మాట మాత్రం ఒకటే: "పిల్లాణ్ణి నేనే తప్పు లైన్లో వేశానా?" లేదండీ, వెయ్యలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఆ భయం మనసులో పెట్టుకుని మిగతాది ఎంత చదివినా మీకు ఎక్కదు.

కోప్పడాల్సింది కూడా ముందే కోప్పడతా, ఏమనుకోకండి. "కనిపించినవన్నీ వాడికి పంపుతున్నాను" అన్నారు చూడండి, అక్కడ నాకు నిజంగా బాధేసింది. వాడు రోజంతా అందులోనే మునిగిపోయి ఉన్నాడని మీరే రాస్తున్నారు, మళ్లీ మీరే పైనుంచి ఇంకో బిందె పోస్తున్నారు. పొద్దున లేవగానే నాన్న దగ్గర్నుంచి లేఆఫ్ వార్త వస్తే ఆ వయసు పిల్లాడు దాన్ని జాగ్రత్త అనుకోడండీ, "నాన్నకి నా మీద నమ్మకం పోయింది" అనుకుంటాడు. వాడి తొందరలో సగం మీ భయమే. ఇవాళ్టి నుంచి ఆపెయ్యండి, ఒక్కటి కూడా పంపొద్దు.

ఇక ఆ వార్తలు, వాటి మీద వచ్చే అభిప్రాయాల సంగతి. వార్త రెండు లైన్లుంటుంది, దాని మీద తీర్పులు వెయ్యి ఉంటాయి. అందులో పైకి తేలేది ఎవరి మాట? గట్టిగా తేల్చేసినవాడిది. "కొంత నిజమే, కొంత ఇంకా చూడాలి" అన్నవాడి మాట ఎవరూ షేర్ చెయ్యరు కదా. రాసేవాళ్లంతా అబద్ధాలకోర్లని నేనట్లేదు. నిన్ననే ఉద్యోగం పోయినవాడు ఉంటాడు, తన స్టార్టప్‌కి పెట్టుబడి కావాల్సినవాడు ఉంటాడు, ఇరవయ్యేళ్లు చేసిన పనికి విలువ తగ్గిపోతోందని మండిపోతున్నవాడు ఉంటాడు, ఎవరి బాధ వాళ్లు, ఎవరి అవసరం వాళ్లు రాసుకుంటారు. అందులో మీ అబ్బాయి గురించి ఎవడూ ఆలోచించట్లేదు, ఆలోచించాల్సిన పని కూడా వాళ్లకి లేదు.

2001 అక్టోబరులో యాపిల్ వాళ్ల పాటల ప్లేయర్ ఐపాడ్ వచ్చినప్పుడు, అప్పట్లో టెక్ జనాలంతా చదివే ఒక న్యూస్ సైట్ పెట్టినాయనే దాన్ని ఒక్క లైన్లో కొట్టిపారేశాడు. వైర్‌లెస్ లేదు, పోటీ ప్లేయర్ కంటే స్టోరేజ్ తక్కువ, దండగ వస్తువు అన్నాడు. ఆ ఐపాడ్ తర్వాత 40 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఇందులో గమనించాల్సింది ఏంటంటే ఆయన చెప్పిన లోపాలు రెండూ నిజమే! వైర్‌లెస్ లేదు, స్టోరేజ్ కూడా తక్కువే. అన్నీ తెలిసినాయన, వివరాలన్నీ కరెక్టు, తీర్పు మాత్రం తప్పు. అందుకే మీవాడు "వాళ్లు ఎక్స్‌పర్ట్‌లు నాన్నా" అన్నప్పుడు తగ్గిపోకండి, ఎక్స్‌పర్ట్‌కి వస్తువు తెలుస్తుంది, అది రేపు ఏమవుతుందో తెలియాలని రూలేం లేదు.

అటు పక్కన ఎక్కువ అంచనా వేసే ఇంకో రకం ఉంది, అది పిల్లల కెరీర్‌కి నేరుగా తగిలేది. జెఫ్రీ హింటన్ అని, ఇవాళ్టి ఏఐకి పునాది వేసినవాళ్లలో ఒకాయన, 2024లో ఫిజిక్స్ నోబెల్ కూడా వచ్చింది. ఆయన 2016లో ఏమన్నాడంటే, రేడియాలజిస్టులకి, అంటే ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూసి జబ్బు చెప్పే డాక్టర్లకి, ట్రైనింగ్ ఇవ్వడం ఇప్పుడే ఆపెయ్యాలి, ఐదేళ్లలో మెషీనే మనిషి కంటే బాగా చూసేస్తుంది అన్నాడు. అంత పెద్దాయన మాట, ఎవరు కాదంటారు? ఐదేళ్లు కాదు, అంతకి మించే గడిచిపోయింది. ఏఐ రాలేదా అంటే వచ్చింది, అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ఏఐ వైద్య పరికరాల్లో ఎక్కువ భాగం రేడియాలజీవే. అయినా చాలా దేశాల్లో రేడియాలజిస్టులు సరిపోక ఇబ్బంది పడుతున్నారు. స్కాన్ చూడటం ఆ పనిలో ఒక ముక్క అంతే, మిగతా డాక్టర్లతో మాట్లాడటం, పాత రిపోర్టులతో పోల్చడం, చివరికి సంతకం పెట్టి బాధ్యత తీసుకోవడం ఇవన్నీ ఉన్నాయి. తను మరీ విస్తృతంగా మాట్లాడానని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ మాట విని 2016లో రేడియాలజీ వదిలేసుకున్న విద్యార్థి ఎవరైనా ఉంటే, ఆ ఒప్పుకోలు వాళ్లకి ఏం ఉపయోగం చెప్పండి? నాకు గుండె కలుక్కుమనేది అక్కడే.

2024 ఫిబ్రవరిలో ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ కూడా పిల్లలు ఇక ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కర్లేదు అన్నట్టు మాట్లాడాడు. ఆయన తెలివిని నేను తక్కువ చెయ్యను, కానీ ఏఐ ఎక్కువగా నడిచేది ఆ కంపెనీ చిప్‌ల మీద. ఆ మాట ఎంతమంది నమ్మితే వాళ్ల వ్యాపారానికి అంత మంచిది. మీవాడికి నేర్పాల్సిన మొదటి ప్రశ్న ఇదే అనిపిస్తుంది నాకు, "ఈ మాట నిజమైతే ఎవరికి లాభం?"

లేఆఫ్‌ల గురించి మీ భయం వేరే, దానికి వేరేగా చెప్పాలి. ఫేస్‌బుక్ నడిపే మెటా 11,000 మందిని తీసేసింది 2022 నవంబరు 9న. చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది అదే నెల 30న. తేదీలు చూస్తున్నారా? ఇప్పుడు ఎవర్ని కదిపినా "ఏఐ వచ్చి ఉద్యోగాలు తినేసింది" అంటారు, కానీ ఆ మొదటి పెద్ద కోతలు చాట్‌జీపీటీ రాకముందే మొదలయ్యాయి. 2019 చివర్లో సుమారు 45,000 మంది ఉన్న మెటా 2022 సెప్టెంబరుకి 87,000 దాటిపోయింది, కోవిడ్ టైంలో అందరూ ఆన్‌లైన్‌లోనే ఉంటారు, ఇది ఇలాగే సాగుతుంది అనుకుని తీసుకున్నారు, లెక్క తప్పిందని ఆ కంపెనీ అధిపతి జుకర్‌బర్గ్ స్వయంగా ఒప్పుకున్నాడు. పైగా అప్పటిదాకా సున్నా దగ్గరున్న అమెరికా వడ్డీరేట్లు 2022 మార్చి నుంచి ఏడాదిన్నరలోపే 5 శాతం దాటాయి, చౌకగా దొరికే డబ్బు ఆగిపోయింది. 2023 జనవరిలో గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000 అంటే దాని వెనకాల ఈ కథ కూడా ఉంది. మీరు వాడికి పంపిన లింకుల్లో ఒక్కదాంట్లో అయినా ఇది రాశారా? రాయరు, వడ్డీరేట్ల గురించి రాస్తే ఎవరూ క్లిక్ చెయ్యరు.

అలాగని అంతా బాగుంది, నిశ్చింతగా పడుకోండి అని చెప్తే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ వాళ్లు జీతాల రికార్డులు తీసి చూస్తే, ఏఐ ప్రభావం బాగా ఉన్న పనుల్లో 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉద్యోగాలు మిగతావాటితో పోలిస్తే 13 శాతం తగ్గినట్టు కనిపించింది, అదే పనుల్లో అనుభవం ఉన్న పెద్దవాళ్లకి అంత దెబ్బ లేదు. అంటే మొదటి మెట్టు ఎక్కడం కష్టమైంది, ఇది నిజం. చిన్న చిన్న బగ్గులు సరిచెయ్యడం, చెప్పింది చెప్పినట్టు కోడ్ టైప్ చెయ్యడం, ఇదివరకు జూనియర్లకి ఇచ్చే ఈ పనులు ఇప్పుడు టూల్స్ చేసేస్తున్నాయి. మరి అలాంటప్పుడు పునాది సగంలో ఆపేసి, టూల్ వాడటం మాత్రమే నేర్పే కోర్సుకి వెళ్తే ఏమవుతుందండీ? ఏ మెట్టు విరిగిందో సరిగ్గా దాని మీదకే కాలు పెడుతున్నట్టు అవుతుంది.

ఈ ఆరు నెలల ఏఐ కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. 2023లో ప్రాంప్ట్ ఇంజినీర్ అని, అంటే ఏఐకి ఏం అడగాలో సరిగ్గా రాసిపెట్టేవాడని, ఒకటే హడావిడి, ఏడాదికి 3 లక్షల డాలర్లకు పైగా జీతమని ఒక ప్రకటన వస్తే అది ప్రపంచమంతా తిరిగింది, వెంటనే కోర్సులు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు ఆ పని ఏమైంది? అది ప్రత్యేకమైన ఉద్యోగంగా నిలబడటం అరుదు, ఏ పని చేసేవాళ్లయినా తెలుసుకోవాల్సిన మామూలు అలవాటు అయిపోయింది. అంతకుముందు 2021లో ఫేస్‌బుక్ పేరే మెటా అని మార్చుకున్నప్పుడు మెటావర్స్ అనే కంప్యూటర్ లోకం హడావిడి, దాని పక్కనే క్రిప్టో నాణేల వెనకుండే బ్లాక్‌చెయిన్. అప్పుడూ నాకు ఇలాంటి ఉత్తరాలే వచ్చాయి, "మావాడు డిగ్రీ ఆపేసి బ్లాక్‌చెయిన్ నేర్చుకుంటానంటున్నాడు" అని. కోర్సు అమ్మేవాళ్లు ఎప్పుడూ గాలి ఎటు వీస్తే అటు, వాళ్లకి వచ్చే ఏడాది ఇంకో కోర్సు ఉంటుంది, మీ అబ్బాయికి ఆ సంవత్సరం మాత్రం తిరిగిరాదు.

ఏఐ నేర్చుకోవద్దని నేను అనట్లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. నేర్చుకోవాలి, బాగా నేర్చుకోవాలి. కానీ ఇప్పుడు అందరూ మాట్లాడే మోడళ్ల డిజైన్ 2017 నాటిది, వాటికి ట్రైనింగ్ ఇచ్చే పద్ధతికి 1986 నాటి పరిశోధన పేపర్ ప్రాణం, దాని అడుగున ఉన్న లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ అంతకన్నా చాలా పాతవి. మీవాడు "బోర్, పనికిరావు" అని తిట్టుకుంటున్న సబ్జెక్టులు అవేనని పందెం కడతాను. ఏఐలోకి వెళ్లాలంటే దారి ఆ డిగ్రీలోంచే ఉంది.

ఇంకో సంగతి చెప్తా, ఇది మీ అబ్బాయికి కూడా చదివి వినిపించండి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, తను పరీక్షిస్తున్న సిస్టంలో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. అర సెకను! వేరేవాళ్లయితే నెట్ స్లో అనుకుని వదిలేస్తారు. ఆయన వదల్లేదు, తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ల సైజు తగ్గించే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో చాలా కాలం నమ్మకంగా పనిచేసి దొంగదారి పెట్టారని బయటపడింది. ఇంకొన్ని నెలలు ఆగితే అది ప్రపంచంలో ఎన్నో లినక్స్ సర్వర్లలోకి వెళ్లిపోయేది. ఆ అర సెకను తేడాని పట్టించుకోవాలంటే మామూలుగా ఎంత పట్టాలో తెలియాలి, ఎక్కడ తవ్వాలో తెలియాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ క్లాసుల్లో నేర్పేది అదేనండీ, ఎవరూ ఆ మాట చెప్పరు కాబట్టి పిల్లలకి అవి పాత చింతకాయ పచ్చడిలా కనిపిస్తాయి.

టూల్స్ వాడితే పని ఎగిరిపోతుంది అంటారు కదా, దాని మీద కూడా 2025లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. అనుభవం ఉన్న 16 మంది డెవలపర్లకి వాళ్లకి బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే పని ఇచ్చి చూస్తే, ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ టైం పట్టింది, కానీ వాళ్లు మాత్రం 20 శాతం తొందరగా చేశామని నమ్మారు. 16 మందే, పైగా ఆ రోజుల్లో ఉన్న టూల్స్, దీన్ని పట్టుకుని ఏఐ దండగ అని తేల్చకూడదు. కానీ పని చేసినవాళ్లకే తమ సంగతి తెలియనప్పుడు, బయట కూర్చుని రియాక్షన్ వీడియో చేసేవాడికి ఎంత తెలుస్తుంది?

పోలిక అడిగారు కదా. ఉన్న కోర్సు కొనసాగించాలి. ఏఐ పక్కన నేర్చుకోవచ్చు, అదే కాలేజీలో ఎలెక్టివ్‌లు ఉంటే తీసుకోనివ్వండి, సెలవుల్లో ఏదైనా చిన్న ప్రాజెక్టు చేయనివ్వండి. టెక్ వదిలెయ్యడం మాత్రం వాడికి ఆ పని నచ్చకపోతేనే ఆలోచించాలి, వార్తలు చూసి కాదు, ఎందుకంటే వెళ్లిన చోటా ఇవే వార్తలు వస్తాయి, లాయర్లకి వస్తున్నాయి, అకౌంటెంట్లకి వస్తున్నాయి, డిజైనర్లకి వస్తున్నాయి. మీరు అడిగిన "సేఫ్" లైన్ చూపించమంటే నా దగ్గర లేదండీ, ఉందని ఎవరైనా చెప్తే వాళ్లు ఏం అమ్ముతున్నారో చూసుకోండి. అయితే సెకండియర్‌లో ఉన్న పిల్లాడి చేతిలో ఇంకా టైం ఉంది, బుర్ర ఉంది, బాగానే చదివేవాడని మీరే రాశారు. ఇంత వాదిస్తున్నాడంటే ఈ రంగం మీద ఇష్టం చచ్చిపోలేదని అర్థం, ఇష్టం పోయినవాడు కోడింగ్ పనైపోయిందా లేదా అని రాత్రంతా తల పగలగొట్టుకోడు.

వాడితో గొడవ మాత్రం పెట్టుకోకండి, ఫోన్ లాక్కోవడాలు అసలొద్దు. ఈ ఆదివారం పక్కన కూర్చుని, "ఇప్పటిదాకా నువ్వు రాసిన ప్రోగ్రాముల్లో నీకు బాగా నచ్చింది ఏది, ఎలా పనిచేస్తుందో నాకు చూపించరా" అని అడగండి. మీకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా సరే, మధ్యలో సలహాలివ్వకుండా వినండి. చూపిస్తున్నప్పుడు వాడి మొహం వెలిగిందా, లేక తప్పదన్నట్టు చూపించాడా, ఎక్కడ ఆగిపోయాడు, ఎక్కడ తనంతట తనే ఇంకాస్త చెప్పాడు, అది నాకు రాయండి. అప్పుడు మీవాడి గురించి మాట్లాడుకుందాం, ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్నది వార్తల గురించే.