పంపరపనసను ఎంచుకోవడం, ఒలవడం, వాడుకోవడం గురించి మేనకోడలికి లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి శారదకు మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పంపరపనస పండును నిమ్మకాయలా అడ్డంగా కోసి పిండితే రసం గొంతు దిగనంత చేదుగా వచ్చిందనీ, బరువులో సగం తొక్కకే పోయిందనీ, గింజలను మాత్రం తడిగుడ్డలో చుట్టి ఉంచాననీ రాశావు. మీ మామగారికి ఈ పండు పెట్టవచ్చునా అని చివర్లో ఒక్క వాక్యంలో అడిగావు. అన్నింటికన్నా ముందు జవాబు చెప్పవలసింది ఆ ప్రశ్నకే.

ఆయన రక్తపోటుకు, కొలెస్ట్రాల్‌కు మాత్రలు వేసుకుంటున్నారు కనుక, ఆ మాత్రల పేర్లు వైద్యునికి చూపి, పంపరపనస అని పండు పేరు చెప్పి మరీ అడిగిన తరువాతే పెట్టు. మనం మింగిన కొన్ని మందులను అవి రక్తంలో కలవకముందే పేగు గోడలోని ఒక ఎంజైము కొంతమేర విచ్ఛిన్నం చేస్తుంది. మోతాదును నిర్ణయించేటప్పుడు అలా పోయే భాగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఈ పండులో ఉండే ఫ్యూరానోకూమరిన్లు అనే పదార్థాలు ఆ ఎంజైమును పనికిరాకుండా చేస్తాయి. అప్పుడు వేసుకున్నది ఒక్క మాత్రే అయినా రక్తంలో చేరే మందు పెరిగిపోతుంది. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ అనే వైద్య పరిశోధకుని బృందం ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందు మీద మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండేందుకు గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపి ఇచ్చినప్పుడు ఈ సంగతి అనుకోకుండా బయటపడింది. గ్రేప్‌ఫ్రూట్ 18వ శతాబ్దంలో బార్బడోస్ దీవిలో పంపరపనసకూ తీపి నారింజకూ సంకరమై పుట్టిన పండు. అందులో తల్లి పంపరపనసే. అందుచేత గ్రేప్‌ఫ్రూట్ వద్దని రాసి ఉన్న ప్రతి మందు విషయంలోనూ పంపరపనస కూడా వద్దనే అర్థం చేసుకోవాలి.

ఉదయం మాత్ర వేసుకుని సాయంత్రం పండు తింటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. దెబ్బతిన్న ఎంజైము మళ్లీ పని మొదలుపెట్టదు. శరీరం దాన్ని కొత్తగా తయారు చేసుకోవాలి, అందుకు ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కొలెస్ట్రాల్‌కు వాడే సింవాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, రక్తపోటుకు వాడే నిఫెడిపిన్, అవయవ మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వంటివి ఇలా ప్రభావితమయ్యే మందుల జాబితాలో ఉన్నాయి. కొలెస్ట్రాల్ మందులే అయినా రోసువాస్టాటిన్, ప్రావాస్టాటిన్ వంటి వాటి మీద ఈ ప్రభావం దాదాపు ఉండదు. కనుక వైద్యుడు ఏమంటారో ముందుగా ఊహించుకోనక్కరలేదు. పండు కోసం మాత్ర మానేయడం మాత్రం ఎన్నడూ చేయనీయకు. మూత్రపిండాల జబ్బు వల్ల పొటాషియం తగ్గించుకోవలసినవారు కూడా అడిగే తినాలి. ఈ మందులేవీ వాడని నీకు, పిల్లలకు అభ్యంతరం లేదు. 100 గ్రాముల తొనల గుజ్జులో సుమారు 60 మిల్లీగ్రాముల విటమిన్ సి, 38 కిలోకేలరీల శక్తి ఉంటాయి. మంచి పండు అనడానికి అంత చాలు. ఇది కొవ్వును కరిగిస్తుందనీ, మధుమేహాన్ని నయం చేస్తుందనీ ఫోన్లలో తిరిగే మాటలను పట్టించుకోవద్దు.

ఇక చేదు సంగతి. ఆ చేదు పండుది కాదు, కోసిన తీరుది. చేదునిచ్చే నారింజిన్ అనే పదార్థం తొక్క కింది తెల్లటి బెండులోనూ, తొనల మీది పొరలలోనూ ఎక్కువగా ఉంటుంది. అడ్డంగా కోసి పిండినప్పుడు బెండు, పొర, గింజలు అన్నీ నలిగి, వాటి సారమంతా రసంలోకి దిగుతుంది. పైగా నిమ్మజాతి రసాల్లో లిమోనిన్ అనే మరొక చేదు ఉంది. అది తాజా రసంలో పెద్దగా తెలియదు. పొరలు నలిగిన తరువాత రసంలోని పులుపు తగిలి నెమ్మదిగా ఏర్పడుతుంది. పిండిన వెంటనే పరవాలేదనిపించిన రసం గంట తరువాత నోట పెట్టలేనిదిగా మారడానికి కారణం అదే. కనుక పంపరపనసను పిండకూడదని నా అభిప్రాయం. రసమే కావాలంటే, పొర తీసిన గుజ్జును మాత్రమే చేత్తో నలిపి, వడకట్టి, అప్పటికప్పుడు తాగాలి.

పండును ఎంచుకునేటప్పుడు రంగును నమ్మవద్దు. కొన్ని రకాలు పూర్తిగా పండినా ఆకుపచ్చగానే ఉంటాయి, కొన్ని పసుపుకు తిరుగుతాయి. లోపలి గుజ్జు తెలుపా, గులాబియా అన్నది కూడా రకాన్ని బట్టి ఉంటుందే గాని, గులాబి రంగైతే తియ్యగా ఉంటుందన్న నియమమేమీ లేదు. చూడవలసింది బరువు. ఒకే పరిమాణంలో ఉన్న రెండు పండ్లను రెండు చేతుల్లోకి తీసుకుంటే, బరువైన దానిలో రసం ఉంటుంది. తేలికగా తోచిన దానిలో తొక్క మందంగా ఉంటుంది, లేదా తొనలు ఎండి పిప్పిగా ఉంటాయి. తొక్క మీది నూనె చుక్కలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉన్న పండు, ముచ్చిక దగ్గర వాసన చూస్తే పరిమళం తెలిసే పండు సాధారణంగా నిరాశపరచవు. మెత్తబడి నీరు కారే మచ్చలున్న దానిని మాత్రం వదిలేయి.

ఈ పండు చెట్టు నుంచి కోసిన తరువాత మామిడిలా మాగదు. కోసిన నాటికి ఎంత తీపి ఉందో అంతే. అయినా గాలి తగిలే చల్లని చోట ఒక వారం పది రోజులు ఉంచితే తొక్కలోని నీరు కొంత ఆరి ఒలవడం సులువవుతుంది, పులుపు కూడా కాస్త తగ్గుతుంది. పైన తొక్క కొద్దిగా ముడతపడినంత మాత్రాన పండు పాడైందని పారేయకు. మందపాటి బెండు లోపలి తొనలను చాలాకాలం కాపాడుతుంది. గాలి నిండిన ఆ బెండు వల్లనే కిలో, రెండు కిలోల పండు 10 మీటర్ల ఎత్తు నుంచి పడ్డా సాధారణంగా పగలదు. దెబ్బను తట్టుకునే పదార్థాలను రూపొందించడానికి ఇంజనీర్లు దాని నిర్మాణాన్ని పరిశీలించారు కూడా.

ఒలవడానికి అరగంట తీరిక, ఒక పదునైన చిన్న కత్తి చాలు. ముందు పండును బాగా కడుగు. అమ్మకానికి వచ్చే పండ్ల మీద మైనపు పూత ఉండవచ్చు కనుక గోరువెచ్చని నీటిలో రుద్ది కడగడం మంచిది. పైనా కిందా ఒక్కొక్క బిళ్లను, తొనల దాకా కత్తి దిగకుండా, బెండు మాత్రమే కనిపించేలా కోసెయ్యి. తరువాత పై నుంచి కింది వరకు ఆరేడు నిలువు గాట్లు పెట్టు. గాటు లోతు ఒకటిన్నర సెంటీమీటర్లకు మించకూడదు; బెండు ఇంకా మందంగా ఉంటే ఆ తరువాత కొంచెం లోతు చేసుకోవచ్చు గాని, ముందే లోతుగా కోస్తే తొన తెగి రసమంతా బెండులోకి ఇంకిపోతుంది. గాటులో బొటనవేలు దూర్చి, బెండుకూ తొనలకూ మధ్య వేలిని జరుపుతూ పోతే తొక్క రేకులు రేకులుగా ఊడి వస్తుంది. ఇంకా అంటుకుని ఉన్న తెల్లటి పీచును ఓపికగా గిల్లి తీసేయాలి. ఇక్కడ తొందరపడితే ఆ చేదంతా తరువాత నోటికే తగులుతుంది.

గుండ్రటి లోపలి భాగం చేతికి వచ్చాక, నడిమి బెండు దగ్గర రెండు బొటనవేళ్లూ ఉంచి రెండు చెక్కలుగా విప్పు. తొనలను ఒక్కొక్కటిగా విడదీసి, తొన వీపు వైపు కాకుండా, పండు మధ్యకు ఉండే పలుచని అంచు వెంట కత్తి మొనతో గీరాలి. ఆ చీలిక దగ్గర పొరను రెండు వైపులకూ విప్పి వెనక్కి లాగితే, కాగితంలా గట్టిగా ఉండే ఆ పొర మొత్తం ఒక్కసారిగా వచ్చేస్తుంది, గుజ్జు చెక్కుచెదరకుండా నిలుస్తుంది. కమలాపండులో రసపు తిత్తులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పంపరపనసలో అవి పెద్దవిగా, విడివిడిగా ఉండి, వేలితో కదిపితే చేయి తడవకుండానే రాలిపడతాయి. మంచి పండుకు అదే గుర్తు. గింజలను అప్పుడే ఏరేసి, గుజ్జును మూతగల గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. ఉత్త గుజ్జుకు చిటికెడు ఉప్పు చల్లితే మిగిలిన కాస్త చేదూ తగ్గి తీపి తేటపడుతుంది. పంచదార కన్నా ఉప్పే దీనికి సరైన జోడు. కీరా ముక్కలు, పుదీనా, వేయించిన వేరుశనగలు కలిపి సలాడ్ చేసినా బాగుంటుంది, అయితే గుజ్జును చివర్లో కలపాలి. ముందే కలిపితే ఉప్పుకు తిత్తులు నీరు విడిచిపెడతాయి.

సగం బరువు తొక్కకే పోయిందని బాధపడ్డావు గాని, ఆ తొక్కను కూడా వాడుకోవచ్చు. రేకుల పైనున్న రంగు పొరను పలుచగా చెక్కేసి, తెల్లటి బెండును వేలెడు పొడవున, సెంటీమీటరు వెడల్పున ముక్కలు చేయి. నిండా నీళ్లు పోసి అయిదు నిమిషాలు మరిగించి, ఆ నీళ్లు పారబోసి, చల్లారాక ముక్కలను రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే చేదు చాలావరకు పోతుంది. ఒక ముక్క కొరికి చూసి, ఇంకా ఉంటే మరొకసారి చేయి. చేదు పూర్తిగా పోనవసరం లేదు, కొద్దిగా ఉంటేనే రుచి. పిండిన ముక్కల బరువుకు సమానంగా పంచదార, ముక్కలు మునిగేటంత నీరు వేసి సన్నటి సెగ మీద ఉడికించు. ముక్కలు తెలుపు పోయి గాజులాగా పారదర్శకమై, పాకం అడుగున కొద్దిగానే మిగిలినప్పుడు దించి, విడివిడిగా పరచి, చేతికి అంటనంతవరకు ఆరబెట్టి, పంచదార అద్ది, తడి తగలని సీసాలో పోసుకో. మార్మలేడ్, అంటే తొక్కతో చేసే జామ్, చేయాలనుకుంటే ఈ బెండు, గింజలు దాన్ని గట్టిపరచే పెక్టిన్ అనే పదార్థానికి నిధుల వంటివి. వాటిని పలుచని గుడ్డలో మూటకట్టి గుజ్జుతో పాటు ఉడికిస్తే గట్టిపడటానికి వేరే పొడులేవీ అక్కరలేదు. పంపరపనసలో పులుపు తక్కువ కనుక నిమ్మరసం మాత్రం కలపాలి, లేకపోతే పెక్టిన్ సరిగా పట్టుకోదు.

చెక్కి తీసిన రంగు పొరలో ఉండే నూనె చాలావరకు లిమోనీన్ అనే పదార్థం; ఇందాక చెప్పిన చేదు లిమోనిన్ వేరు, ఇది వేరు. పొయ్యి దగ్గర ఆ తొక్కను నలపకు, చిమ్మిన నూనెకు మంట అంటుకుంటుంది. తొక్కలను థర్మోకోల్ పళ్లెంలో కూడా ఉంచవద్దు, ఆ నూనె థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. ఒలిచిన చేతులను సబ్బుతో కడుక్కోకుండా ఎండలోకి వెళితే కొందరికి చర్మం మీద మచ్చలు పడతాయని కూడా గుర్తుంచుకో.

గింజల విషయంలో నువ్వు చేసిన పని సరైనదే. నిమ్మజాతి గింజలు ఎండితే మొలకెత్తే శక్తి పోతుంది కనుక తడిగుడ్డలో ఉంచడం మంచిదే, అయితే వారం లోపల నాటేయాలి. నీరు నిలవని గుల్ల మట్టిలో ఒకటి రెండు సెంటీమీటర్ల లోతున పెడితే చాలు. కానీ ఆ మొక్క నువ్వు తిన్న పండునే కాస్తుందని ఆశించవద్దు. నారింజ, గ్రేప్‌ఫ్రూట్ గింజల్లో తల్లి చెట్టు పోలికనే తెచ్చే పిండాలు కూడా ఉంటాయి. పంపరపనస గింజలో పుప్పొడి కలిసి పుట్టిన ఒక్క పిండమే ఉంటుంది. అందువల్ల ప్రతి గింజా కొత్త చెట్టే, దాని పండు తియ్యగా ఉంటుందో పుల్లగా ఉంటుందో కాసేదాకా తెలియదు, కాయడానికి ఏళ్లు పడుతుంది. చాలా రకాలకు సొంత పుప్పొడితో గింజ కట్టదు కనుక, ఒంటరి చెట్టు కొన్నిసార్లు కాపు తక్కువగా కాస్తుంది, కొన్నిసార్లు గింజలు లేని పండ్లనిస్తుంది.

అంతమాత్రాన మొలకలను పారేయనక్కరలేదు. ఒకటి రెండు బలమైనవి ఉంచి, కాండం పెన్సిలు లావు అయ్యాక, పండు రుచి తెలిసిన ఆరోగ్యమైన చెట్టు నుంచి కన్ను, అంటే చిగురు మొగ్గ, తెచ్చి అంటు కట్టించు. ఆకులు మచ్చమచ్చలుగా పసుపుబారి, కాయలు వంకరగా ఉన్న చెట్టు నుంచి కన్ను తీయవద్దు. అది చిన్న పురుగుల ద్వారా వ్యాపించే, మందు లేని గ్రీనింగ్ తెగులు కావచ్చు, అంటుతో పాటే కొత్త మొక్కకూ వస్తుంది. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, మొదలు చుట్టూ నీరు నిలవకూడదు. నిలిస్తే కాండం నుంచి బంక కారి వేరు కుళ్లుతుంది. అంటు కింది భాగం నుంచి పొడవైన ముళ్లతో వచ్చే చిగుళ్లను కనిపించినప్పుడల్లా తుంచేయి, లేకపోతే అవే పెద్దవై పైనున్న మంచి కొమ్మను అణచివేస్తాయి.

ఇట్లు,
నీ మేనమామ