16 జీబీ ర్యామ్ ఉన్నా ఎస్‌క్యూఎల్ సర్వర్ 1.7 జీబీ దగ్గరే ఆగిపోతోందా?

మీ సర్వర్‌లో లోపమేమీ లేదండీ, టెన్షన్ పడకండి. మీరు వాడుతున్నది 32 బిట్ విండోస్ 2003 ఎంటర్‌ప్రైజ్, దాని మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) అని చెప్పారు కదా. 32 బిట్‌లో ఒక ప్రాసెస్‌కు మామూలుగా దక్కేది 2 జీబీ అడ్రస్ స్పేసే, అంటే అది నేరుగా వాడుకోగల మెమరీ హద్దు. మిగతా ర్యామ్ వాడాలంటే ఏడబ్ల్యూఈ (ఆ హద్దు దాటి మెమరీ వాడుకోనిచ్చే సదుపాయం) ఆన్ చేయాలి.

ముందు విండోస్ బూట్ ఫైల్‌లో (boot.ini) పీఏఈ స్విచ్, అంటే 32 బిట్ విండోస్ 4 జీబీకి మించిన ర్యామ్‌ను వాడేలా చేసే సెట్టింగ్, ఉందో లేదో చూడండి. తర్వాత ఎస్‌క్యూఎల్ సర్వీస్ నడిచే అకౌంట్‌కు 'లాక్ పేజెస్ ఇన్ మెమరీ' హక్కు (మెమరీలోని డేటాను డిస్క్‌కు తరలించకుండా పట్టి ఉంచే అనుమతి) ఇవ్వండి. చాలామంది మరిచిపోయేది ఇదే, నేనూ ఒకసారి దీనివల్లే ఓ రాత్రంతా కూర్చున్నాను! ఆపై ఎస్‌పీ కాన్ఫిగర్ (sp_configure) అనే సెట్టింగుల కమాండ్‌తో 'ఏడబ్ల్యూఈ ఎనేబుల్డ్' 1 చేసి, మ్యాక్స్ సర్వర్ మెమరీ 12 జీబీ దగ్గర కట్టడి చేసి, సర్వీస్ రీస్టార్ట్ చేయండి. ఆ పరిమితి పెట్టకపోతే విండోస్‌కే ఊపిరాడదు.

టాస్క్ మేనేజర్‌ని మాత్రం నమ్మకండి, ఏడబ్ల్యూఈ మెమరీ అందులో కనపడదు. విండోస్ పనితీరు చూపే పెర్ఫ్‌మాన్ టూల్‌లో 'టోటల్ సర్వర్ మెమరీ' చూడండి.

ఇంకోమాట: ఈ అదనపు మెమరీ డేటా పేజీల క్యాష్‌కే (డిస్క్ నుంచి చదివిన డేటాను ఉంచుకునే చోటుకే) పనికొస్తుంది. క్వెరీలు నడిపే ప్లాన్లను దాచుకునే ప్రొసీజర్ క్యాష్ పాత ఇరుకులోనే ఉంటుంది. అక్కడే ఇబ్బందైతే 64 బిట్‌కు మారడమే మేలు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012 వెర్షన్ నుంచి ఏడబ్ల్యూఈని ఎలాగూ తీసేశారు.