పాత నిస్సాన్‌కు టర్బో ఇంజన్: 401 కె నుంచి అప్పు తీయవచ్చా?

ప్రశ్న: నా వయసు 33. డాలస్ పక్కన అర్వింగ్‌లో హెచ్1బి వీసాపై సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్ల క్రితం 1995 నాటి నిస్సాన్ 240ఎస్ఎక్స్ కారును 9,000 డాలర్లకు కొన్నాను. ఆఫీసుకు వెళ్లడానికి వేరే కొరోలా ఉంది. నిస్సాన్ ఇప్పటికి 1,68,000 మైళ్లు తిరిగింది, ఇంజన్ కారుతో వచ్చినదే. దాన్ని తీసేసి జపాన్ నుంచి వచ్చే ఎస్ఆర్20డీఈటీ టర్బో ఇంజన్‌ను గేర్‌బాక్సుతో సహా బిగించడానికి ఒక షాపు 11,500 డాలర్లు అడిగింది. పెద్ద టర్బో, ఇంజెక్టర్లు, ట్యూనింగుకు మరో 4,500 అవుతుందట. నెలకు 7,400 డాలర్లు చేతికి వస్తాయి. తెనాలిలో నాన్నగారి ఇంటి అప్పుకు పంపే 600తో కలిపి 5,200 ఖర్చవుతాయి. బ్యాంకులో 22,000, ఉద్యోగం ద్వారా రిటైర్మెంట్‌కు దాచుకునే 401 కె ఖాతాలో 64,000 ఉన్నాయి. ఈ 16,000 డాలర్లను 401 కె నుంచి అప్పుగా తీయాలనుకుంటున్నాను. మరో సంగతి, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒక కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. నా ఆలోచన సరైనదేనా?

– ఒక పాఠకుడు

జవాబు: మీరు ‘మరో సంగతి’ అంటూ లేఖ చివర రాసిన వాక్యం, నా దృష్టిలో మొదట రాయవలసిన వాక్యం. ఈ ఇంజన్ మార్పిడి మీకు అభిరుచి ఖర్చుగా మిగులుతుందా, లేక చేతులు కాల్చుకునే నష్టంగా మారుతుందా అన్నది టర్బో పరిమాణాన్ని బట్టి గానీ షాపు పనితనాన్ని బట్టి గానీ కాక, వచ్చే ఏడాది మీరు ఏ రాష్ట్రంలో ఉంటారన్నదాన్ని బట్టి తేలుతుంది.

టెక్సస్‌లో సొంత కార్లకు వార్షిక భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తివేశారు. డాలస్ వంటి కొన్ని కౌంటీలలో పొగ పరీక్ష మిగిలి ఉన్నా, అది 24 ఏళ్ల లోపు మోడళ్లకే వర్తిస్తుంది కనుక 1995 నాటి మీ కారు దాని పరిధిలోకి రాదు. రాష్ట్రం పరీక్షించనంత మాత్రాన కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేయడాన్ని నిషేధించే ఫెడరల్ చట్టం లేకుండా పోదు. అయినా రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం మీకు ఇక్కడ అడ్డంకి ఎదురుకాదు.

కాలిఫోర్నియాలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకు, ఎంత పాతవైనా, పొగ పరీక్ష తప్పదు. ఇంజన్ మార్చిన కారైతే బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ నియమించిన రెఫరీ దగ్గరకు వెళ్లాలి. కొత్తగా పెట్టిన ఇంజన్ కారు తయారైన సంవత్సరానిదో, అంతకంటే తర్వాతిదో అయి ఉండాలి. దానికి అమెరికాలో కాలుష్య ధ్రువీకరణ ఉండాలి, దానితో పాటు వచ్చిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ యథాతథంగా ఉండాలి. ఎస్ఆర్ శ్రేణిలో టర్బో లేని ఎస్ఆర్20డీఈ ఇంజన్ సెంట్రా ఎస్ఈ-ఆర్ వంటి కార్లలో అమెరికాకు వచ్చింది గానీ, మీరు కోరుకుంటున్న ఎస్ఆర్20డీఈటీని ఏ కారులోనూ ఇక్కడ అమ్మలేదు. కాబట్టి రెఫరీ దగ్గర ఆ ఇంజన్ నెగ్గే దారి నాకు కనబడటం లేదు. కాలిఫోర్నియాలో నివాసం ఏర్పరచుకున్నాక 20 రోజులలోగా కారును అక్కడ రిజిస్టర్ చేయించాలి. అంటే 16,000 డాలర్లు పోసి సిద్ధం చేసుకున్న కారును మూడు వారాలలో అమ్ముకోవడమో, పాత ఇంజన్‌ను మళ్లీ బిగించడమో, టెక్సస్‌లోనే ఎక్కడో అద్దెకు పెట్టి వెళ్లిపోవడమో చేయవలసి వస్తుంది. ఈ మూడింటిలో దేనికీ మీ లెక్కలో పద్దు లేదు.

అందుకని శాన్ హోసే సంగతి తేలేవరకు జపాన్ ఇంజన్‌కు బయానా కూడా ఇవ్వవద్దు.

ఇక 401 కె అప్పు. ఖాతాలో మీ హక్కుగా ఉన్న మొత్తంలో సగం గానీ 50,000 డాలర్లు గానీ, ఏది తక్కువైతే అంతవరకు అప్పు తీయవచ్చు, సాధారణంగా అయిదేళ్లలో తీర్చాలి. మీరు 16,000 తీయడానికి నిబంధనలు అడ్డురావు. ‘వడ్డీ మన ఖాతాకే పోతుంది కదా’ అని చాలామంది దీన్ని ఖర్చులేని అప్పుగా భావిస్తారు. ఆ డబ్బు అయిదేళ్లపాటు పెట్టుబడిలో ఉండదన్న మాట అటుంచితే, మీ విషయంలో అసలు ప్రమాదం ఉద్యోగం మారడంలోనే ఉంది. ఏడాది తర్వాత కంపెనీ వదిలేనాటికి ఇంకా 13,000 డాలర్ల బాకీ ఉందనుకుందాం. ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా, పొడిగింపును కూడా కలుపుకొని, అంత మొత్తాన్ని వేరే రిటైర్మెంట్ ఖాతాలో జమ చేయకపోతే దాన్ని మీ ఆదాయంగా లెక్కిస్తారు. మీకు 24 శాతం శ్లాబు వర్తిస్తుందనుకుంటే 3,120, యాభై తొమ్మిదిన్నరేళ్ల లోపు తీసినందుకు 10 శాతం జరిమానా కింద 1,300, వెరసి 4,420 డాలర్లు ఫెడరల్ ప్రభుత్వానికే పోతాయి. అప్పటికి మీరు కాలిఫోర్నియా నివాసి అయితే ఆ రాష్ట్రపు ఆదాయపు పన్ను, మరో రెండున్నర శాతం జరిమానా వీటికి అదనం. ఏ ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలకు వెళుతున్నారో ఆ ఉద్యోగం వస్తే మీ కారు, మీ అప్పు రెండూ కలిసి మెడకు చుట్టుకుంటాయి.

వ్యక్తిగత రుణమైతే ఎలా అని మీరు అడగలేదు గానీ, తర్వాతి ఆలోచన అదే అవుతుంది కనుక చెబుతున్నాను. 14 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 372 డాలర్లు కట్టాలి, మొత్తం మీద 6,300కు పైగా వడ్డీయే అవుతుంది. ఇరవై ఏళ్లు దాటిన ఇంజన్ మీద అయిదేళ్ల వాయిదాలు పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. ఇంజన్ ముందే చేతులెత్తేసినా వాయిదా ఆగదు.

ఇంజన్ వయసు గురించి ఊరికే అనలేదు. ఎస్ఆర్20డీఈటీతో నిస్సాన్ జపాన్‌లో అమ్మిన చివరి సిల్వియా కార్ల తయారీ 2002లో ఆగిపోయింది. మీకు దొరికేది ఎంత తక్కువ తిరిగిందని చెప్పినా అంతకు ముందుదే అవుతుంది. దాని సీళ్లు, గాస్కెట్లు, టైమింగ్ చైన్ గైడ్లు, నీటి పంపు మార్చకుండా బిగించడమంటే, అదే పనికి రెండోసారి కూలీ ఇవ్వడానికి సిద్ధపడటమే. షాపు చెప్పిన 11,500లో ఇవన్నీ ఉన్నాయా అని లిఖితపూర్వకంగా అడగండి. వైరింగ్ హార్నెస్‌ను మీ కారుకు అనువుగా మార్చడం, క్లచ్, పెద్ద ఇంధన పంపు, ఇంటర్‌కూలర్ గొట్టాలు, రేడియేటర్, ఎగ్జాస్ట్ డౌన్‌పైపు కూడా ఆ జాబితాలో ఉన్నాయో లేవో చూడండి. మన పెద్దలు ‘కౌపీన సంరక్షణార్థం’ అని చెప్పే సన్యాసి కథ టర్బో పనికి అతికినట్టు సరిపోతుంది: పెద్ద టర్బోకు పెద్ద ఇంజెక్టర్లు, వాటికి పంపు, పెరిగిన శక్తికి క్లచ్, ఆ వేగాన్ని ఆపడానికి బ్రేకులు, చివరకు డిఫరెన్షియల్. ఇటువంటి పనులకు నేను షాపు చెప్పిన మొత్తానికి 30 శాతం కలిపి లెక్కవేస్తాను. ఆ ప్రకారం మీ 16,000 నిజానికి 20,800.

ట్యూనింగ్ విషయంలో ఒక చిన్న మాట. టెక్సస్ బంకులలో ప్రీమియం పెట్రోలు 93 ఆక్టేన్ దొరుకుతుంది, కాలిఫోర్నియాలో సాధారణంగా 91. ఇక్కడి పెట్రోలుకు అంచువరకు బిగించిన ట్యూనింగును అక్కడి పెట్రోలుతో నడిపితే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి మండడం) వచ్చి పిస్టన్లకే చేటు కావచ్చు. కాబట్టి ఊరు మారితే ఆ ఖర్చు కూడా మళ్లీ మొదటికి వస్తుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న డబ్బు సంగతి చూద్దాం. హెచ్1బిపై ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు కనుక, ఆరు నెలల ఖర్చు నగదుగా ఉండాలని నేను పట్టుబడతాను. మీకు అది 31,200. ఉన్నది 22,000, అంటే 9,200 లోటు. మీకు నెలకు మిగిలే 2,200లో 1,400 ఈ నిధికి, 800 కారుకు కేటాయిస్తే ఏడు నెలలలో లోటు తీరుతుంది, కారు ఖాతాలో 5,600 చేరతాయి. తెనాలికి పంపే 600 జోలికి గానీ, 401 కెలో కంపెనీ జతచేసే వాటా పూర్తిగా అందేందుకు మీరు కట్టవలసిన సొమ్ము జోలికి గానీ పోవద్దు.

ఆ 5,600ను ఏ రాష్ట్రంలోనైనా పనికొచ్చే పనులకే వాడండి. ముందుగా ఇప్పుడున్న కేఏ24డీఈ ఇంజన్‌కు సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూపే కంప్రెషన్ పరీక్ష, లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. మోటారు ప్రియులు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, ఇది ఇనుప బ్లాకుతో వచ్చిన 155 హార్స్‌పవర్ గట్టి ఇంజన్, కాలిఫోర్నియా కాగితాలలో మీ కారుకు పుట్టుకతో చెల్లే ఇంజన్ కూడా. తర్వాత రేడియేటర్, గొట్టాలు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు. ఈ కార్లలో స్ట్రట్ టవర్ల దగ్గర, తలుపుల కింది అంచుల దగ్గర తుప్పు సామాన్యం. అక్కడ తుప్పు లోతుగా ఉందని తేలితే ఇంజన్ ఊసే ఎత్తకుండా ఆ డబ్బును బాడీకి వాడాలి.

మీరు టెక్సస్‌లోనే ఉండిపోతే, ఏడో నెల తర్వాత నెలకు 2,000 చొప్పున పక్కన పెడితే దాదాపు పదిన్నర నెలలలో 20,800 అప్పు లేకుండా సమకూరుతుంది. అప్పుడు కూడా షాపుకు మొత్తం సొమ్ము ఒకేసారి ఇవ్వకండి. ఇంజన్ వచ్చి మీ కళ్లముందు పరీక్ష నెగ్గాక కొంత, బిగించి స్టార్ట్ చేశాక కొంత, ట్యూనింగ్ పూర్తయ్యాక మిగతాది. నాకు తెలిసిన ఒక యువకుడు ముందే అంతా చెల్లించి, పధ్నాలుగు నెలలపాటు ఇంజన్ లేని కారును చూడటానికి షాపు చుట్టూ తిరిగాడు. అదే మీరు శాన్ హోసేకు వెళితే, కేఏ ఇంజన్‌నే విప్పి బాగుచేయించుకోవడం, అదనపు భాగాలేవైనా పెడితే కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు, అంటే అనుమతి నంబరు, ఉన్నవే పెట్టడం మీ ముందున్న దారి.

బీమా గురించి రెండు మాటలు. మామూలు పాలసీ ప్రమాదం జరిగిన నాటి మార్కెట్ విలువనే ఇస్తుంది, మీరు ఇంజన్‌పై పెట్టిన సొమ్మును పట్టించుకోకపోవచ్చు. మార్పులను ముందే తెలియజేసి, ఒప్పుకున్న విలువ చెల్లించే పాలసీ తీసుకోండి. రోజువారీ వాడకానికి వేరే కారు ఉండాలని అటువంటి సంస్థలు తరచూ అడుగుతాయి, మీకు కొరోలా ఉంది. రసీదులు, ఫొటోలు అన్నీ దాచండి. ఇంత ఖర్చుపెట్టినందుకు కారు ధర అంత పెరుగుతుందని మాత్రం అనుకోవద్దు: మార్పులు చేయని ఎస్14లు, అంటే మీ తరం 240ఎస్ఎక్స్ కార్లు, అరుదైపోయి వాటికే గిరాకీ ఎక్కువగా ఉంది, నష్టానికి అమ్మితే సొంత వాడకపు వస్తువు కనుక పన్నులో మినహాయింపు కూడా రాదు.

ఒకవేళ మార్పిడి చేయించినా పాత కేఏ ఇంజన్‌ను, దాని వైరింగును, కంప్యూటర్‌ను, ఎగ్జాస్ట్ భాగాలను షాపువారికి వదిలేయకుండా ఇంటికి తెచ్చుకుంటానని ఒప్పందంలోనే రాయించుకోండి. ఎప్పుడైనా కాలిఫోర్నియాకు వెళ్లవలసి వస్తే, ఆ కారును అక్కడ రోడ్డెక్కించగలిగేవి అవే. ప్రస్తుతానికి కంప్రెషన్ పరీక్ష చేయించండి. నాలుగు సిలిండర్ల అంకెలు, ఇంటర్వ్యూ ఫలితం రెండూ తెలిశాక మళ్లీ రాస్తే మిగతా లెక్క వేసి పంపుతాను.