క్రిస్మస్‌కి జెలటిన్ లేకుండా మంచు బొమ్మ జెల్లీ ఎలా చేయాలి?

పిల్లల కోసం మంచు బొమ్మ జెల్లీ కావాలి, వచ్చేవాళ్లలో శాకాహారులూ ఉన్నారు అన్నారు కదా, అయితే జెలటిన్ వద్దు, అది జంతువుల నుంచి తీసేది. చైనా గ్రాస్ తెచ్చుకోండి. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, మన హైదరాబాద్ చలికాలంలో ఫ్రిజ్ బయట పెట్టినా కరగదు.

10 గ్రాముల చైనా గ్రాస్ నీళ్లలో నానబెట్టి, ఒక్క పీచు కూడా కనబడకుండా కరిగేదాకా మరిగించి, పంచదార వేసిన లీటరు వేడి పాలలో పోయండి. పాలు మాత్రం చల్లగా ఉండకూడదు, వెంటనే ఉండలు కట్టేస్తుంది!

చిల్లులు లేని ఇడ్లీ ప్లేట్లు తడిపి పోస్తే గుండ్రంగా వస్తాయి. గట్టిపడ్డాక పెద్ద జెల్లీ పైన చిన్న జెల్లీ ఆనించి, నల్ల కిస్‌మిస్ కళ్లు, క్యారెట్ ముక్క ముక్కు, చుట్టూ మంచులా ఎండు కొబ్బరి పొడి చల్లండి.