అరటి తోట ఉన్నవారికి విదేశీ వ్యాపారం కొత్తా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. అరటి తోట ఉంది. మావాడు అనంతపురంలో బీకాం ఆఖరి సంవత్సరం. ఎంబీఏలో ఇంటర్నేషనల్ బిజినెస్ తీసుకుంటానంటున్నాడు. మన సీమలో ఉండి ఆ చదువు చదివితే అన్నం పెడుతుందా?

జవాబు: మీ చుట్టుపక్కల తోటలు ఎప్పుడో విదేశీ వ్యాపారంలోకి వెళ్లిపోయాయండీ. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకు అరటికాయల కంటైనర్లతో ప్రత్యేక రైలే కదిలింది, ఎగుమతి కోసం.

మీరు గెలలు కోయించి, టన్నుకు ఇంత అని తీసుకుని ఇంటికొస్తారు. అసలు కథ ఆ తర్వాతే. కాయలు కడగాలి, గ్రేడింగ్ చేసి బాక్సుల్లో సర్దాలి. కంటైనర్‌లో చలి 13, 14 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి, మరీ చల్లబడితే తొక్క నల్లబడిపోతుంది. ఇక కాగితాలు: చీడపీడలు లేవని ఫైటోశానిటరీ సర్టిఫికెట్, కస్టమ్స్‌కు షిప్పింగ్ బిల్లు (ఎగుమతి సరుకు వివరాల పత్రం), ఓడ కంపెనీ నుంచి బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందినట్టు రసీదు). ఒక్క కాగితం ఆలస్యమైనా రేవులో మగ్గేది కాయే. మీకొచ్చిన ధరకూ, అక్కడి దుకాణంలో ధరకూ ఉన్న తేడాలో ఈ పనులు చేసేవాళ్లకూ వాటా ఉంటుంది. మీవాడు నేర్చుకుంటానంటున్నది ఆ పనులే.

అరటే కాదు, పెనుకొండ కియా కార్ల ఫ్యాక్టరీ సంగతి చూడండి. 2019లో సెల్టోస్ కారుతో తయారీ మొదలైంది, అప్పట్లో ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. కార్లు బయటి దేశాలకూ వెళ్తున్నాయి. పెద్ద నిర్ణయాలు మాత్రం కొరియాలో, సియోల్‌లోని ప్రధాన కార్యాలయంలోనే. బిగింపు పని మన దగ్గరికి రావడం చిన్న విషయమేమీ కాదు, కానీ లాభంలో పెద్ద వాటా డిజైన్, బ్రాండు చేతిలో ఉన్నవాళ్లది. ఇంజినీరింగ్ చదవలేదని మీవాడు దిగులు పడక్కర్లేదు. విడిభాగాల కొనుగోలు, లాజిస్టిక్స్, కస్టమ్స్ పనికి బీకాం చదివినవాళ్లూ కావాలి.

అలాగని ఇంటర్నేషనల్ బిజినెస్ అని బోర్డు పెట్టిన ప్రతి కాలేజీలోనూ ఫీజు కట్టేయకండి. చదువులో భాగంగా పిల్లలను రేవుకో, కస్టమ్స్ బ్రోకర్ (ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ కాగితాల పని చేసేవాడు) ఆఫీసుకో పంపుతారా అని అడగండి. నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి. ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ బాగా రాయగలిగితే, విదేశీ వ్యాపారం నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఐఎఫ్‌టీకి ప్రయత్నించమనండి, కాకినాడలోనూ క్యాంపస్ ఉంది. సీటు రాకపోతే ఒక ఏడాది కస్టమ్స్ బ్రోకర్ దగ్గర పని చేయడం, నా లెక్కలో, ఊరూపేరూ లేని ఎంబీఏ కన్నా మేలు. మొదట్లో జీతం తక్కువే, చెన్నైలోనో ముంబైలోనో ఉండాలి. ఆ మాట ఇంట్లో ముందే అనుకోండి.

ఈసారి కోతకు లారీ వచ్చినప్పుడు మీవాణ్ని కూడా ఎక్కించి, కాయలు కడిగి బాక్సుల్లో సర్దే ప్యాక్‌హౌస్‌కు పంపండి. రెండు రోజులు అక్కడే ఉండి చూసి రానివ్వండి, తర్వాత మళ్లీ రాయండి.